కుక్కకు పెద్ద ట్రిక్కులు: బొమ్మలు బుట్టలో సర్దడం నుంచి చూసి చేయడం దాకా

కూర్చో, పడుకో, ఆగు, షేక్‌హ్యాండ్. ఈ నాలుగూ వచ్చిన కుక్కకు బొమ్మలు బుట్టలో సర్దడం, దుప్పటి కప్పుకుని పడుకోవడం, మీరు చేసింది చూసి అదే చేయడం కూడా నేర్పొచ్చు. లాబ్రడార్ కానివ్వండి, పామెరేనియన్ కానివ్వండి, వీధిలోంచి తెచ్చుకున్న నాటుకుక్క కానివ్వండి, నేర్చుకుంటుంది. జాతిని బట్టి వేగంలో తేడా ఉంటుందంతే.

చాలా ఇళ్ళల్లో పని ఎక్కడ చెడుతుందంటే, ట్రిక్కు మొత్తాన్ని ఒకేసారి నేర్పబోతారు. బొమ్మ నోటికిచ్చి "బుట్టలో వెయ్" అంటారు, కుక్క బొమ్మతో సహా మంచం కిందికి దూరుతుంది. దాన్ని మొండితనం అనుకోవద్దు. "బుట్టలో వెయ్" అనే ఒక్క మాటలో బొమ్మను వెతకడం, నోట పట్టడం, పట్టుకుని నడవడం, బుట్ట మీదికి తల తేవడం, అక్కడే వదలడం అని ఐదు పనులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ విడిగా నేర్పకుండా అన్నీ కలిపి అడుగుతున్నాం. పెద్ద ట్రిక్కు అంటే చిన్న పనుల వరస. అందుకే ముందు నాలుగు పునాది పనులు చెప్పి, తర్వాత ట్రిక్కుల్లోకి వెళ్తాం.

ఒక హెచ్చరిక. ఏడాది నిండని కుక్కతో, పెద్ద జాతులైతే ఏడాదిన్నర దాకా, గెంతడం, వెనక కాళ్ళ మీద నిలబడటం చేయించకండి. ఎముకల చివర పెరిగే భాగం అప్పటికింకా గట్టిపడదు. డాష్‌హండ్‌తో ఏ వయసులోనూ వద్దు, ఆ పొడవాటి వెన్నులో డిస్కులు తేలిగ్గా దెబ్బతింటాయి. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు వేడి తట్టుకునే శక్తి తక్కువ కాబట్టి, నాలుక బాగా బయటికొచ్చి ఆయాసపడుతుంటే అక్కడితో ఆపేయాలి. విజయవాడ, ఖమ్మం ఎండల్లో ఏ కుక్కకైనా ఉదయం ఏడు లోపు, లేదంటే రాత్రి భోజనానికి ముందు, ఫ్యాను కింద.

మొదలుపెట్టే ముందు

ట్రీట్ ముక్క శనగగింజంత ఉండాలి. చిన్న కుక్కకు మినపగుండంత చాలు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, చికెన్ కార్జం, పనీర్, గుడ్డు తెల్లసొన, ఇవి బాగా పనిచేస్తాయి. కార్జం రోజూ వద్దు, ఎక్కువైతే విరేచనాలవుతాయి. కూరలోంచి తీసి కడిగిన ముక్క కూడా వద్దు. అల్లంవెల్లుల్లి పేస్టులోని వెల్లుల్లి, గ్రేవీలోని ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, షుగర్‌లెస్ బబుల్‌గమ్‌లో ఉండే జైలిటాల్, ఇవన్నీ కుక్కకు విషం. రోజు మొత్తంలో తినే తిండిలో ట్రీట్లు పదో వంతు దాటకూడదు. దాటాయనిపిస్తే రాత్రి అన్నంలో ఆ మేరకు తగ్గించండి.

రెండోది గుర్తు శబ్దం. కుక్క సరైన పని చేసిన క్షణంలోనే "ఇదీ నాకు కావలసింది" అని చెప్పే శబ్దం. ట్రీట్ జేబులోంచి తీసి నోట్లో పెట్టేసరికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఈలోగా కుక్క ఇంకేదో చేసేస్తుంది. ఆ సందును శబ్దం పూడుస్తుంది. అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర చదువుకున్న బ్రేలాండ్ దంపతులు 1940లలో ఈ పద్ధతిని జంతు శిక్షణలోకి తెచ్చారు. క్లిక్కర్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బీ పెట్ షాపుల్లో దొరుకుతుంది. లేకపోతే నొక్కే బాల్‌పెన్ చాలు. నోటితో అనాలనుకుంటే "యెస్" లాంటి పొట్టి మాట ఒకటి ఎంచుకుని, ఎప్పుడూ ఒకే స్వరంతో అనండి. ముందుగా పదిహేను సార్లు క్లిక్, ట్రీట్, క్లిక్, ట్రీట్ అని ఊరికే ఇవ్వండి. శబ్దం వినగానే కుక్క తల మీ చేతివైపు తిరిగిందంటే దానికి అర్థమైనట్టే. క్లిక్ అన్నాక ట్రీట్ తప్పకుండా ఇవ్వాలి, మీరు పొరపాటున నొక్కినా సరే.

మీరు నొక్కే సమయం కూడా కుదరాలి. కుక్క లేనప్పుడు ఇంకొకరిని బంతి కింద పడేయమని, అది నేలను తాకిన క్షణంలో నొక్కడం సాధన చేయండి. తాకాక నొక్కుతున్నారంటే కుక్క విషయంలోనూ అంతే ఆలస్యం అవుతోందని అర్థం.

ఇక నేల. మన ఇళ్ళల్లో మార్బుల్, గ్రానైట్, నున్నటి టైల్స్. వాటి మీద కుక్క గిర్రున తిరిగితే కాళ్ళు జారి తుంటి పట్టేస్తుంది. ఒకసారి జారిందంటే ఆ ట్రిక్కంటేనే బెదురుతుంది. యోగా మ్యాట్ పరచండి. అరికాళ్ళ మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే కత్తిరించండి, గోళ్ళు నేలకు టకటకా తగులుతుంటే వాటినీ తగ్గించండి.

ఒక విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు విడతలు. విడతకు పది ముక్కలు లెక్కపెట్టి గిన్నెలో పెట్టుకోండి. ఈ లెక్క వెనక ఒక ఉపయోగముంది. పది ప్రయత్నాల్లో ఎనిమిది సరిగ్గా వస్తే మెట్టు ఎక్కండి. ఐదు లేక అంతకంటే తక్కువొస్తే ఒక మెట్టు దిగండి. మధ్యలో ఉంటే అక్కడే ఉండండి. ఈ ఒక్క అలవాటు సగం తగాదాలు తీరుస్తుంది. మెట్టు ఎక్కేటప్పుడు కూడా దూరమో, సమయమో, కొత్త చోటో ఏదో ఒకదాన్నే పెంచాలి. రెండు కలిపి పెంచితే తప్పు ఎక్కడ జరిగిందో మీకే తెలియదు.

నాలుగు పునాది పనులు

ముక్కుతో తాకడం అన్నిటికంటే తేలిక. అరచేయి కుక్క ముక్కుకు జానెడు దూరంలో పెడితే వాసన చూడ్డానికి తనే వస్తుంది. తాకిన క్షణం క్లిక్. రెండు రోజుల్లో చేయి ఎటు పోతే అటు వస్తుంది. తర్వాత ఒక కర్ర చివర రంగు టేపు చుట్టి, దాన్ని తాకించండి. చేయి అందని చోటికి కుక్కను నడిపించడానికి ఇది పనికొస్తుంది. పాదంతో తాకడానికి ఒక ప్లాస్టిక్ డబ్బా మూత నేల మీద పెట్టండి, పాదం పడితే క్లిక్. అదే మూతను గోడకు, అల్మారా తలుపుకు అతికించుకుంటూ పోతే తలుపు మూయడం వస్తుంది. ఈ రెంటికీ ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నోట పట్టి ఉంచడం మాత్రం అసలైన కష్టం. చాలా పెద్ద ట్రిక్కులు దీని మీదే నిలబడతాయి, తొందరపడితే మళ్ళీ మళ్ళీ మొదటికొస్తాయి.

వస్తువుగా పాత కాటన్ తువ్వాలు ముక్కను జడలా అల్లి రెండు కొసలా ముడి వేయండి. మధ్యరకం కుక్కకు బొటనవేలంత లావు, జానెడు పొడవు సరిపోతుంది. కుక్కకు ఇష్టమైన బొమ్మ వాడకండి, దాన్ని చూస్తే ఆటే గుర్తొస్తుంది. నేల మీద కూర్చుని జడను రెండు చేతుల్తో అడ్డంగా, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోండి. వాసన చూస్తే క్లిక్. అది స్థిరపడ్డాక వాసనకు ఇవ్వడం మానండి. "ఇదేంటి, ఇవ్వడం లేదు" అన్నట్టు కాస్త గట్టిగా పొడుస్తుంది, నోరు తెరుస్తుంది. తెరిచినందుకు క్లిక్. ఆ తర్వాత పళ్ళు తగిలితేనే. ఆ తర్వాత దవడ మూసుకుంటేనే.

ఇక్కడే అందరూ తడబడతారు. జడ నోట్లో పడగానే కుక్క నమలడం మొదలుపెడుతుంది. ఎందుకంటే అది నమిలాక మీరు నొక్కారు. నమలక ముందు అరసెకను దవడ కదలకుండా ఉంటుంది, ఆ అరసెకనులోనే నొక్కాలి. కుక్క కళ్ళను కాదు, చెంప కండరాన్ని చూడండి. అది కదలకుండా ఉన్నప్పుడే క్లిక్. ఆలస్యమైతే నొక్కకండి, జడ తీసుకుని మళ్ళీ ఇవ్వండి. సమయం పెంచేటప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా పెంచితే "ఎంత చేసినా ఇంకా కష్టమే అవుతోంది" అని కుక్క వదిలేస్తుంది. ఒకటి, రెండు, ఒకటి, మూడు, రెండు, నాలుగు అంటూ మధ్యలో తేలికవి వేస్తుండండి. ఐదు సెకన్లు కదలకుండా పట్టిందంటే, నోట పట్టి ఒక అడుగు, రెండడుగులు నడిపించొచ్చు.

ట్రీట్ ఉన్న చేయి కనబడిందా, జడ ఉమ్మేస్తుంది. ముక్కలు బల్ల మీద గిన్నెలో ఉంచండి. తీసుకోవడానికి "ఇచ్చెయ్" అని ఒక క్షణం ఆగి, ఆ తర్వాతే చేయి గడ్డం కిందకు చాపండి. దవడలు పట్టి తెరవడం, లాక్కోవడం ఎప్పుడూ వద్దు. అలా చేస్తే వస్తువు దాచుకోవడం నేర్పినవారవుతారు. నాలుగు నుంచి ఆరు నెలల పిల్లకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి. ఈ పాఠం తర్వాతికి వాయిదా వేయండి.

నాలుగోది వెనక కాళ్ళ అదుపు. ముందు కాళ్ళు ఎటు పోతే వెనకవి అటు ఈడ్చుకొస్తాయే తప్ప, చాలా కుక్కలు వాటిని విడిగా వాడటం ఎరగవు. దీనికి అమ్మమ్మల నాటి కూర్చునే పీట అచ్చంగా సరిపోతుంది. ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల ఎత్తు, ముందు పాదాలు రెండూ పట్టేంత వెడల్పు ఉండాలి. పీట జారకుండా కింద నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించండి. ముందు పాదాలు పీట మీద పెట్టడం వచ్చాక, దాని ఎదురుగా నిలబడి మీరు పక్కకు అరడుగు జరగండి. మిమ్మల్ని చూస్తూ ఉండటానికి అది వెనక కాళ్ళు జరుపుకుంటుంది. వెనక పాదం లేచిన క్షణానికి క్లిక్. ట్రీట్ ఎటు ఇస్తారన్నది ముఖ్యం. కుక్క వెనకభాగం దాని ఎడమకు తిరగాలంటే ట్రీట్ దాని కుడివైపు ఇవ్వండి. తల కుడికి పోతే నడుము ఎడమకు పోతుంది. ఇది తిరగేసి ఇస్తే పొద్దస్తమానం చేసినా పని జరగదు. పీట చుట్టూ పూర్తిగా తిరిగాక పీట తీసి పలచటి రబ్బరు మ్యాటు పెట్టండి, ఆ తర్వాత అదీ తీసేయండి.

వెనక్కి నడవడానికి దివాన్‌కూ గోడకూ మధ్య కుక్క వెడల్పు కంటే కాస్తే ఎక్కువ సందు చూసుకోండి. లోపలికి వచ్చాక మీరు దాని వైపు ఒకడుగు వేస్తే వెనక్కి అడుగేస్తుంది, క్లిక్. ట్రీట్ మాత్రం చేత్తో అందించకుండా దాని ముందు కాళ్ళ మధ్యకు, ఛాతీ కిందికి విసరండి. మీ చేతి దగ్గరిచ్చారంటే తినడానికి ముందుకొస్తుంది, అప్పుడు మీరు నేర్పింది ముందుకు రావడమే.

బొమ్మలు బుట్టలో సర్దడం

ఈ ట్రిక్కును చివరి నుంచి మొదటికి నేర్పాలి. చివరి పని ముందు వచ్చేస్తే, ప్రతి కొత్త మెట్టు నుంచీ కుక్క తనకు బాగా తెలిసిన పనివైపే నడుస్తుంది, ధైర్యంగా చేస్తుంది. మొదటి నుంచి నేర్పితే ప్రతిసారీ తెలియని వైపు నడవాలి.

బుట్ట బదులు బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. అంచు కుక్క మోచేయి ఎత్తు మించకూడదు. అల్లిక బుట్ట అయితే అల్లికనే కొరికేస్తుంది.

1. టబ్బు మీ ఇద్దరి మధ్య. బొమ్మ నోటికివ్వండి, తల టబ్బు మీద ఉండగానే "ఇచ్చెయ్". బొమ్మ లోపల పడ్డ చప్పుడుకు క్లిక్, ట్రీట్ కూడా టబ్బులోనే వేయండి. తల టబ్బు మీద ఉంటే లాభం అని ముందు తెలియాలి.

2. టబ్బును బెత్తెడు పక్కకు జరపండి. ఇప్పుడు "ఇచ్చెయ్" అనకండి, ఊరుకోండి. బొమ్మ బయట పడితే క్లిక్ లేదు, కసురుకోవడమూ లేదు. బొమ్మ తీసి మళ్ళీ ఇవ్వండి. రెండుసార్లు వరసగా బయటపడితే టబ్బును దగ్గరకు తెచ్చేయండి.

3. ఒకడుగు దూరం, మూడడుగులు, గది అవతలి మూల. ఇక్కడి నుంచి ట్రీట్ టబ్బులో వేయడం మానేసి చేత్తో ఇవ్వండి.

4. బొమ్మ నోటికివ్వకుండా టబ్బు పక్కన నేల మీద పెట్టి "పట్టు" అనండి. మిగతాది దానికి తెలుసు.

5. రెండు బొమ్మలు. మొదటిది పడ్డాక మెచ్చుకుని రెండోదాని వైపు చూపించండి, రెండూ పడ్డాకే క్లిక్. ఆ తర్వాత మూడు. ఇక్కడ "సర్దు" అనే మాట కలపండి.

6. మీరు సోఫాలో కూర్చుని ఉండాలి. అన్నిటికంటే ఇదే ఆలస్యమవుతుంది. కుక్క దృష్టిలో ఈ ట్రిక్కులో మీరు టబ్బు పక్కన నిలబడటం కూడా ఒక భాగమే. అందుకే ఒక్కో అడుగే వెనక్కి జరగాలి.

పడేసిన బొమ్మను మళ్ళీ పైకి తీస్తోందంటే మూడో మెట్టు దగ్గర టబ్బులో ట్రీట్లు వేయడం మానలేదన్నమాట. వెతికి లాక్కుంటోంది. బొమ్మ పట్టుకుని తల విదిలిస్తోందంటే దాన్ని వేటగా తీసుకుంటోంది. అలాంటప్పుడు కీచుమనే రబ్బరు బొమ్మలు తీసేసి కాటన్ జడలతో నడిపించండి. ఇది శిక్షణ లోపం అనుకోనక్కర్లేదు. పైన చెప్పిన బ్రేలాండ్ దంపతులే 1961లో రాశారు. డబ్బీలో నాణేలు వేయడం నేర్పిన రాకూన్ అనే జంతువు, రెండు నాణేలు చేతికొచ్చేసరికి వేయకుండా ఒకదానితో ఒకటి రుద్దుతూ కూర్చుంది. పందులేమో చెక్క నాణేలను ముట్టెతో నేల మీద పొర్లించడం మొదలుపెట్టాయి. జంతువు పుట్టుకతో తెచ్చుకున్న అలవాటు నేర్పినదాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. దాంతో పోట్లాడకుండా వస్తువు మార్చడమే తెలివి.

దుప్పటి కప్పుకోవడం

కుక్కకు ముందే దొర్లడం వచ్చి ఉండాలి. పలచటి కాటన్ దుప్పటి పరచి, పట్టు కుదిరేలా ఒక మూలకు ముడి వేయండి. ఏ మూల? కుక్క కుడివైపుకు దొర్లే అలవాటుంటే ముడి దాని ఎడమవైపు భుజం దగ్గరుండాలి. అప్పుడే దొర్లుతుంటే దుప్పటి వీపు మీదుగా వస్తుంది. ముడి దొర్లేవైపే ఉంటే దుప్పటి కింద నలుగుతుంది తప్ప పైకి రాదు.

నోట పట్టడం పడుకుని ఉండగా వేరుగా సాధన చేయించండి. తర్వాత పట్టుకుని తల పక్కకు తిప్పితే క్లిక్. తర్వాత నడుము ఒరిగితే. అంతా అయ్యాక పూర్తిగా దొర్లడం. సాధారణంగా దొర్లబోయే క్షణంలో ముడి వదిలేస్తుంది. కారణం, దొర్లడం ఎప్పుడో ట్రీట్‌ను ముక్కు ముందు తిప్పి నేర్పి ఉంటారు, దొర్లడమంటే నోరు ఖాళీగా ఉంచుకోవడమే అనుకుంటుంది. కాబట్టి ముందుగా దొర్లడాన్ని చేతి సైగకు గానీ మాటకు గానీ మార్చి, చేతిలో తిండి లేకుండా చేయించండి. అప్పుడే రెండూ కలుస్తాయి.

బొమ్మల పేర్లు

అమెరికాలో జాన్ పిలీ పెంచిన ఛేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క 1,022 వస్తువులను పేరుతో గుర్తుపట్టింది. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఇంట్లో నాలుగైదు పేర్లు ఎవరైనా నేర్పొచ్చు. ఒక బొమ్మ, ఒక పేరు. ఆడుతూ, దాచి తెమ్మంటూ, ఆ పేరే వారం పాటు. రెండో బొమ్మకు పోలికలేని పేరు పెట్టండి. "బంతి", "బొంత" పెడితే మీరే తికమక పెట్టినట్టు. ఆకారం, స్పర్శ కూడా వేరుగా ఉండాలి. రెండూ వచ్చాక బొమ్మలు పక్కగదిలో పెట్టి, మీరు ఇక్కడే ఉండి తెమ్మనండి. ఎదురుగా ఉంటే మీ కళ్ళు తెలియకుండానే సరైన బొమ్మవైపు పోతాయి, కుక్క పేరు వినకుండా మీ చూపునే చదువుతుంది. 1900ల మొదట్లో బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రం, నిజానికి అడిగేవాళ్ళ చిన్న కదలికలు చూసి గిట్టతో తట్టేది.

అట్టపెట్టె ఆట: కుక్క సొంత ఆలోచన

ఇంతదాకా మీరు అనుకున్నది కుక్క చేసింది. ఇప్పుడు కుక్క తనంతట తాను ఏం చేస్తుందో మీరు కనిపెట్టి దానికి ట్రీట్ ఇవ్వాలి. 1960లలో హవాయిలోని సీ లైఫ్ పార్కులో కారెన్ ప్రయార్ అనే శిక్షకురాలి బృందం డాల్ఫిన్లతో ఒక నియమం పెట్టింది. ఇంతకుముందు చేప సంపాదించిన పనికి మళ్ళీ చేప లేదు, కొత్తది చేస్తేనే. కొంత తికమకపడ్డాక అవి శిక్షకులు ఎప్పుడూ చూడని గెంతులు, ఈతలు చేయడం మొదలుపెట్టాయి. ఆ వివరాలు 1969లో ప్రచురించారు. అదే ఆట కుక్కతో అట్టపెట్టె పెట్టి ఆడతారు.

కుక్క లోపల నిలబడగలిగేంత పెట్టె కావాలి. ఎత్తు దాని మోకాలికి మించకుండా కోయండి, ఇనుప పిన్నులూ టేపులూ పీకేయండి. మీరు కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుని కుక్కను కాకుండా పెట్టెను చూడండి. మొదటి రెండు విడతలు దేనికైనా క్లిక్. చూసినా, వాసన చూసినా, చుట్టూ తిరిగినా, పాదం వేసినా. నిమిషానికి పది క్లిక్కులు పడుతున్నాయంటే బాగా నడుస్తున్నట్టు. ట్రీట్ పెట్టెకు దూరంగా విసరండి, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా మొదలుపెడుతుంది. మూడో విడత నుంచి ఆ విడతలో ఒకసారి చేసినదానికి మళ్ళీ ఇవ్వకండి. పక్కన కాగితం పెట్టుకుని "కుడి పాదం, గడ్డం, లోపల కూర్చోవడం" అని రాసుకోండి, లేదంటే మీరే మరిచిపోతారు.

తిండి చూపించి నేర్పిన కుక్కలు ఇక్కడ మీ ముఖం చూస్తూ బొమ్మలా కూర్చుంటాయి. ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేకపోయేసరికి వాటికి తోచదు. పెట్టెలో ఒక ముక్క పడేసి మొదలుపెట్టించండి, చెవి అటు తిరిగినా క్లిక్ ఇవ్వండి. మొరగడం, పెట్టెను చింపడం మొదలైతే మీరు మరీ పీనారిగా ఇస్తున్నారని అర్థం. రెండు తేలిక పనులకు క్లిక్ ఇచ్చి విడత ముగించండి.

పెట్టెలో వెనక కాళ్ళు మాత్రమే పెట్టడం లాంటి ముచ్చటైనది వచ్చినప్పుడు దాన్ని పట్టుకోండి. తర్వాతి విడత దానికొక్కదానికే ఇస్తూ, ఖాయంగా చేస్తోందనిపించాక పేరు పెట్టండి.

చూసి చేయడం

2006లో ఫిలిప్ అనే బెల్జియన్ టెర్వ్యూరెన్ కుక్క, మనిషి చేసినదాన్ని చూసి చేయగలదని హంగరీ పరిశోధకులు చూపించారు. తర్వాత బుడాపెస్ట్‌లోని ఓట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయంలో క్లాడియా ఫుగాజ్జా, ఆడమ్ మిక్లోషి దీన్ని శిక్షణ పద్ధతిగా తీర్చిదిద్దారు. చూసిన పనిని పది నిమిషాల తర్వాత కూడా కుక్కలు చేయగలిగాయి.

మాట వినగానే చేసే పనులు కనీసం ఆరుండాలి. సైగ మీద ఆధారపడేవి పనికిరావు. వాటిలో మూడు తీసుకోండి. ఉదాహరణకు గుండ్రంగా తిరగడం, గంట మోగించడం, పీట ఎక్కడం. కుక్కను ఎదురుగా "ఆగు" అని నిలబెట్టి, మీరు గుండ్రంగా తిరగండి. వచ్చి దాని ముందు నిలబడి "నాలా చెయ్" అని, వెంటనే "తిరుగు" అనండి. చేసింది, క్లిక్. మూడు పనులూ కలగలిపి ఇలాగే. కొన్నాళ్ళకు "నాలా చెయ్" అన్నాక రెండు సెకన్లు ఆగండి. మీరు రెండో మాట అనకముందే చేసిందంటే ఆ క్లిక్‌కు మూడు నాలుగు ట్రీట్లు ఒకదాని వెంట ఒకటి ఇవ్వండి. మిగిలిన మూడు పనులతో ఇదే. ఆ తర్వాతే ఎప్పుడూ చేయని కొత్త పని చూపించండి.

మీరు చేసి చూపిస్తుండగానే కుక్క లేచొస్తే "ఆగు" బలహీనంగా ఉందని. మీరు చేతితో చేసినదాన్ని అది నోటితో చేస్తే ఒప్పుకోండి, దానికి చేయి నోరే. ఏది చూపించినా చివరిసారి ట్రీట్ వచ్చిన పనే చేస్తోందంటే, పనులను కలగలపకుండా ఒకే పనిని వరసగా చూపించారని అర్థం.

మాటలు, చుట్టాలు, ఆగిపోయినప్పుడు

మన ఇళ్ళల్లో ఒక చిక్కుంది. కుక్కతో మాట్లాడే ప్రతి మాట చివరా "రా" ఉంటుంది: కూర్చోరా, పట్టరా, ఏంట్రా. అలాంటి ఇంట్లో పిలవడానికి కూడా "రా" వాడితే అది కుక్క చెవికి ఆనదు. పిలుపుకు "ఇటు" లాంటి వేరే మాట పెట్టండి. నాన్న "కూర్చో", పిల్లలు "సిట్", పనమ్మాయి "కూసో" అంటుంటే ఎవరి మాటా నిలవదు. ఒక కాగితం మీద మాటలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

సైగ నుంచి మాటకు మార్చేటప్పుడు కొత్త మాట ముందు, ఒక సెకను ఆగి పాత సైగ. రెండూ ఒకేసారి చేస్తే కుక్క సైగనే చూస్తుంది, మాట వినదు.

హాల్లో వచ్చిన ట్రిక్కు వరండాలో రాకపోవడం మామూలే. కొత్త చోటుకు మారినప్పుడు రెండు మెట్లు కిందనుంచి మొదలుపెట్టండి. చుట్టాలొచ్చినప్పుడు ముందు ఒక్కరి ఎదుట, బాగా వచ్చిన ట్రిక్కుతో. పదిమంది చుట్టూ మూగి ఫోన్లు పట్టి "ఏదీ, చేయమను" అంటే అడగకపోవడమే మంచిది, ఒకసారి బెదిరితే చాలా రోజుల పని పోతుంది. దీపావళి వారంలో కొత్త పాఠాలు పెట్టకండి. ట్రిక్కు స్థిరపడ్డాక ప్రతిసారీ ట్రీట్ అక్కర్లేదు, రెండు మూడుసార్లకొకటి చాలు, అదీ అన్నిటికంటే బాగా చేసినదానికి. పూర్తిగా మానేస్తే ట్రిక్కు కూడా మెల్లగా మానేస్తుంది.

నిన్నటిదాకా చేసినది ఇవాళ హఠాత్తుగా చేయనంటే పాఠం మార్చే ముందు ఒళ్ళు చూడండి. నోట పట్టడం మానేస్తే పళ్ళు, చిగుళ్ళు. తిరగడం, వెనక్కి నడవడం ఒకవైపు మాత్రమే తప్పించుకుంటుంటే ఆ వైపు తుంటి, మోకాలు, గోళ్ళ మొదళ్ళు. పడుకుని లేవడానికి తటపటాయిస్తుంటే వెన్ను. రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి ఇచ్చినా అలాగే ఉంటే వెటర్నరీ డాక్టరుకు చూపించండి. వెళ్ళేముందు అది తప్పించుకునే కదలికను ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, క్లినిక్‌లో కంగారులో ఉన్న కుక్క కుంటు బయటపడనీయదు.